పోతాది

కింగ్స్‌టౌన్ రేవు వీధిలో ఆ అచ్చాఫీసుకి రెండు కిటికీలు,
ఒకటి సముద్రం మీదికి, ఒకటి జైలు మీదికి.
నేను టైపు కడిగే కుర్రాణ్ణి. పదమూడేళ్ళు.
గోళ్ళ సందుల్లో కిరసనాయిలు.
ఇంగ్లీషుని ముందు సీసంలోనే చూశాను,
తిరగబడి, అద్దంలో మొహంలా.

ప్రూఫులు దిద్దేది ఇస్మే క్వాషీ.
చెవి మీద ఎర్ర పెన్సిలు, అదొక్కటే ఆవిడ నగ.
ముప్ఫయ్యేళ్ళ గవర్నరుగారి గెజిట్‌లో
ఒక్క కామా కాలు జారి ఎరగదు.
ఇంటికెళితే మాత్రం మాలాగే మాట్లాడేది,
ఆఫీసు ఇంగ్లీషుని చెప్పులతో పాటు గుమ్మంలో విడిచి.

బళ్ళో మాస్టారు మా మాటని విరిగిన ఇంగ్లీషు అనేవాడు.
విరగలేదండీ, కొరికాం.
పిల్లాడి నోట్లో పెట్టేముందు
అమ్మ కొరికి తీపి చూసిన ఎంగిలి అది.

ఆ ఏడు లెంట్ ఉపవాసాల్లో
బారువాలీ నుంచి ఎల్‌ఫర్డ్ డ్యురాంట్ వచ్చాడు,
తిమింగలాల వేట పడవలో తెడ్డు మనిషి.
సంచిలో బ్రెడ్‌ఫ్రూట్ కాయ,
కాయ కింద లెక్కల నోటుబుక్కు,
లెక్కల నోటుబుక్కులో కవిత్వం.
వంద కాపీలు కావాలన్నాడు.
సగం డబ్బు చేపనూనెగా ఇస్తానన్నాడు.

మొదటి పేజీ, మొదటి పాదం:
"మాయమ్మ వాలు దిగి సముద్రంకాడికి పోతాది."

ఇస్మే పెన్సిలు తీసింది.
"జరిగిపోయిన సంగతేగా?" అని అడిగి,
జవాబు వినకుండానే
పోతాది కొట్టేసి పోయింది అని రాసింది.

ఎల్‌ఫర్డ్ ఆ ఎర్ర గీతనే చాలాసేపు చూశాడు.
"పడవ తిరిగి రాలేదు, నిజమే.
శవం కూడా రాలేదమ్మా.
పొద్దున్నే వాలు దిగుతా ఉంటాది, నాకు కనపడతాది.
ఇరవయ్యేళ్ళ నుంచి పోతానే ఉంది.
నువ్వు ఒక్క గీతతో చంపేశావు."

ఆవిడేం మాట్లాడలేదు. వ్యాకరణం పక్షాన
గోడ గడియారం కాసేపు కొట్టుకుంది.

గుడ్ ఫ్రైడే నాడు కొండ పేలింది.
మధ్యాహ్నానికే ఊరి మీద బూడిద.
ఎల్‌ఫర్డ్ పడవలో ముసలివాళ్ళనీ మేకలనీ
దక్షిణానికి చేరవేస్తున్నాడని ఎవరో చెప్పారు.
అందరూ ఇళ్ళకి పోయారు. నేను తలుపులు వేస్తుంటే
ఇస్మే తడిగుడ్డ ముక్కుకి కట్టుకుని, లాంతరు వెలిగించి,
కూర్చిన పేజీ ముందు పెట్టుకుంది.

ఆ భాషలో పోయిందికి నాలుగక్షరాలు,
మా పోతాదికి రెండే.
చిమటాతో నాలుగూ పీకి రెండు పెట్టింది.
రెండక్షరాల సందు మిగిలిపోయింది, పాదం కదిలిపోతోంది.
అక్షరం లేని సీసపు ముక్కొకటి వెతికి
ఆ సందులోకి బొటనవేలితో నొక్కింది.
"మా యమ్మా అంతే," అంది. ఎవరితో అందో తెలీదు.
తరవాత పేజీ పేజీకీ అదే పని.
నాలుగు పీకడం, రెండు పెట్టడం.
తెల్లారేసరికి బల్ల మీద బూడిద పొర,
దాని మీద కుప్పగా పోయిన మాటలన్నీ.
కడిగి గళ్ళల్లో సర్దింది నేనే.

కాగితం దొరక్క పుస్తకం అక్టోబరుదాకా రాలేదు,
సరిగ్గా దేశానికి కొత్త జెండా వచ్చిన వారంలో.
జెండాలే ఎక్కువ అమ్ముడుపోయాయి.

ఇప్పుడు నాకు అరవై దాటాయి.
మొన్న దూరదేశం నుంచి ఒక ప్రొఫెసరమ్మ వచ్చింది,
తెల్ల చేతిగ్లౌజులతో పేజీ తిప్పి,
మొదటి పాదంలో ఆ ఖాళీ మీద వేలు ఆనించి,
"ఇక్కడ కవి మౌనం ఉంది, కదూ?" అంది.

సీసం ఉందండీ, అన్నాను.